పెద్ద బజారు దుకాణంలో యుద్ధకాలపు ట్రంకు పెట్టె: పతకాలు, జపాన్ కత్తి, దిక్సూచి అసలువేనా?

పాతపెట్టె (బరంపురం)
అందరికీ నమస్కారం. పెద్ద బజారు వెనక సందులో ఒక పాత సామాను దుకాణంలో ట్రంకు పెట్టె ఒకటి చూశాను. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మాలో పోరాడిన తెలుగు సుబేదారు ఒకాయనది అనీ, ఇచ్ఛాపురం వైపు ఆయన మనవలు ఇల్లు అమ్ముకుంటూ దించేశారనీ యజమాని చెబుతున్నాడు. ఒకే పట్టీకి కుట్టిన ఐదు పతకాలు ఉన్నాయి: 1939–45 స్టార్, బర్మా స్టార్, పసిఫిక్ స్టార్, వార్ మెడల్, ఇండియా సర్వీస్ మెడల్. ఇంకా ఒక జపాన్ కత్తి, ‘స్టాన్లీ లండన్’ అని చెక్కిన ఇత్తడి దిక్సూచి, నాగా కొండల్లోని కొహిమా నుంచి రాసిన ఇంగ్లిషు ఉత్తరం, ఆజాద్ హింద్ తపాలా బిళ్ల అంటించిన కవరు, జపాన్ ప్రభుత్వం పేరుతో ఉన్న రూపాయి నోట్ల కట్ట. అడుగున ఏవో చిత్తు కాగితాలు. అన్నీ కలిపి 45 వేలు, విడిగా ఇవ్వడట. ఆదివారం కలకత్తా నుంచి ఒకాయన వచ్చి పట్టుకుపోతాడట. పాత నాణేల మీద నాకు కొంత పట్టు ఉంది గానీ ఈ సరుకు కొత్త. ఫోటోలు పెట్టాను, చూసి చెప్పండి.

రాయగడ తపాలా (రాయగడ)
ఆ కలకత్తా ఆయన కోసం నేనూ ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్నాను. ప్రతి దుకాణానికీ ఆదివారమే వస్తాడు, ఏ ఆదివారమూ కనబడడు. తొందరపడకండి.
మీ ఫోటోల్లో పతకాల ముఖాలు బాగా వచ్చాయి. మాకు కావలసింది వీపులు, అంచులు, రిబ్బను వెనక కుట్టు. ఎండలో వద్దు, నీడలో పక్క వెలుతురులో తీయండి. పక్కన ఒక స్కేలు పెట్టండి. కవరు, ఉత్తరం విడిగా రెండు వైపులా కావాలి. వాటి సంగతి నేను చూస్తాను.

విశ్రాంత సుబేదారు (పర్లాకిమిడి)
బాబూ, వీపులూ అంచులూ తరవాత సంగతి. ఆ పట్టీ చూడగానే ఒక మాట చెప్పవచ్చు. బర్మా స్టార్, పసిఫిక్ స్టార్ రెండూ ఒక మనిషికి ఇవ్వరు. రెండింటికీ అర్హత ఉంటే ముందు సంపాదించిన స్టార్ ఇచ్చి, రెండో రంగం పేరున్న చిన్న లోహపు పట్టీని దాని రిబ్బను మీద తగిలిస్తారు. అట్లాంటిక్, ఎయిర్ క్రూ యూరప్, ఫ్రాన్స్ అండ్ జర్మనీ స్టార్లకూ ఇదే నియమం. ఎన్ని రంగాల్లో తిరిగినా అప్పట్లో ఒకరికి ఐదు స్టార్లకు మించి రాకపోవడానికి కారణం ఇదే. కాబట్టి ఆ ఐదింటినీ ఒకే సుబేదారు ఛాతీ మీద పెట్టుకున్నాడన్న కథ నిలవదు.
ఇంకొకటి. పతకాల మీద పేరు లేదని మీరు రేపు కంగారు పడతారు. రెండో యుద్ధపు స్టార్లు, వార్ మెడల్ బ్రిటిష్ ప్రభుత్వం పేరు చెక్కకుండానే ఇచ్చింది. ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా సైనికులవాటి మీద పేర్లు ఉంటాయి. మొదటి యుద్ధం సంగతి తిరగబడుతుంది: 1914–18 బ్రిటిష్ వార్ మెడల్, విక్టరీ మెడల్ అంచు మీద నంబరు, హోదా, పేరు, పటాలం ఉండాలి. అక్కడ అంచు నున్నగా ఉంటే పాత పేరు అరగదీసి ఉంటారని అనుమానించాలి. వెర్నియర్ కొలత పరికరం పెట్టి నాలుగు దిక్కులా వ్యాసం కొలవండి. బ్రిటిష్ వార్ మెడల్ 36 మిల్లీమీటర్లు. గీకిన చోట తగ్గుతుంది.

జయపురం వర్తకుడు (జయపురం)
సుబేదారు గారి మీద గౌరవంతోనే ఒక మాట. నియమం మీరు చెప్పిందే. కానీ అన్నదమ్ములు ఇద్దరు యుద్ధానికి వెళ్లిన ఇళ్లు ఉన్నాయి. ఇద్దరి పతకాలూ ఒకే పెట్టెలో పడతాయి, తరవాత ఎవరో అందంగా ఉంటుందని ఒకే పట్టీకి కుట్టిస్తారు. పట్టీ తప్పు అయినంత మాత్రాన పతకం తప్పు కాదు. నా దగ్గరికి వచ్చే సరుకులో ఇలాంటి కలగాపులగమే ఎక్కువ. దుకాణాల వాళ్లందరినీ దొంగలను చేయకండి. మాకు అమ్మినవాళ్లు చెప్పిన కథనే మేము చెబుతాం.

విశ్రాంత సుబేదారు (పర్లాకిమిడి)
వర్తకుడు గారూ, మీరన్నది జరిగేదే, కాదనను. అయితే ‘ఒక సుబేదారు గారి పతకాల వరుస’ అని ధర చెప్పకూడదు. ఐదు విడి పతకాల ధర చెప్పాలి. పేరులేని విడి బర్మా స్టార్ అరుదైన వస్తువు కాదు. డబ్బంతా కథకే పెడుతున్నాం.
నకలు అనగానే మోసం అనుకోవలసిన పనీ లేదు. కంటోన్మెంట్ల దగ్గర దర్జీలు పతకాల నకళ్లు అమ్ముతారు. అసలువి పోగొట్టుకున్న పింఛనుదారులు పరేడ్లకు అవే తగిలించుకుంటారు. అది సజావైన వ్యవహారమే. ఆయన పోయాక అదే నకలు పాత సామాను కింద బజారుకు వస్తుంది, మూడో చేతిలో అసలుగా మారిపోతుంది. సినిమా సామానుదీ ఇదే దారి.

కొలిమి (బరంపురం)
మాది వెండి, ఇత్తడి పని చేసే ఇల్లు. చరిత్ర నాకు తెలియదు, లోహం తెలుసు.
ఈ పతకాలను టంకశాలలో ఉక్కు అచ్చుల మధ్య పెట్టి ముద్ర కొట్టారు. అలా కొట్టినప్పుడు లోహం అచ్చులోని ప్రతి మూలకూ నొక్కుకుపోతుంది. అక్షరాల అంచులు నిటారుగా తెగినట్టు ఉంటాయి, అక్షరాల మధ్య నేల అద్దంలా నునుపు. నకలు చేసేవాడు అసలు పతకాన్ని ఇసుకలోనో మైనంలోనో నొక్కి పోత పోస్తాడు. పోతలో మూడు గుర్తులు దాగవు. భూతద్దం కింద నేల మీద సూది మొనంత గుంటలు కనబడతాయి, అవి గాలి బుడగలు. అక్షరాల అంచులు అరిగిన సబ్బులా గుండ్రబడి ఉంటాయి. అంచు చుట్టూ రెండు అచ్చులు కలిసిన గీత, దాన్ని చెరిపిన ఆకురాయి గీతలు ఉంటాయి. వాడకంతో అరిగింది ఎత్తైన చోట్లే అరుగుతుంది, రాజు చెంప, కిరీటం కొన లాంటి చోట్ల. పల్లంలో ఉన్న అక్షరమూ అదే మేరకు మొద్దుబారి ఉంటే అది అరుగుదల కాదు, పోత.
కొలత కూడా పట్టిస్తుంది. కరిగిన లోహం చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది. అసలు నుంచి తీసిన అచ్చులో పోసిన నకలు అసలు కంటే ఎప్పుడూ కాస్త చిన్నది. మొదటి యుద్ధంలో చనిపోయినవాళ్ల ఇళ్లకు కంచు స్మారక ఫలకం ఇచ్చేవారు, ఆ ఫలకాన్ని మొదటినుంచీ పోత పోసే చేశారు గనక పైన చెప్పిన గుంటల పరీక్ష దానికి పనికిరాదు. దాని అసలు వ్యాసం 120 మిల్లీమీటర్లు. రెండు మిల్లీమీటర్లు తక్కువ వచ్చిందంటే నకలు కింద లెక్క. పేరు పక్కన హోదా ఉన్నా అనుమానించండి. ఆ ఫలకాల మీద అందరికీ పేరు మాత్రమే వేశారు, అధికారికైనా సిపాయికైనా.
వెండి అని చెబితే నీళ్లలో తూచండి. గాలిలో తూకాన్ని, నీళ్లలో తగ్గిన తూకంతో భాగించాలి. స్టెర్లింగ్ వెండికి పదికి పైన, సుమారు 10.3 వస్తుంది. రాగి నికెల్ మిశ్రమానికి 8.9 దగ్గర. మీ పట్టీలో వార్ మెడల్, ఇండియా సర్వీస్ మెడల్ రెండూ రాగి నికెల్‌వే, కాబట్టి ఎవరైనా ‘వెండి పతకాలు’ అని ధర పెంచితే నమ్మకండి.
చిలుము గురించి కూడా చెప్పాలి. పాత చిలుము సన్నటి పొరలా లోహాన్ని అంటుకుని ఉంటుంది, గోటితో రాదు. ఉప్పు నీళ్లలోనో అమ్మోనియా ఆవిరిలోనో పెట్టి తెప్పించిన పచ్చదనం పొడిపొడిగా ఉంటుంది, దూదికి అంటుతుంది. బెలగుంఠలో మా బంధువులు ఇత్తడి చేపలు చేస్తారు. ‘పాతవాటిలా కనబడాలి’ అని అడిగి మరీ చేయించుకునేవాళ్లున్నారు. అది వాళ్లకు ఆర్డరే, మోసం కాదు. మోసం మొదలయ్యేది తరవాతి దుకాణంలో.

మగ్గం గుంట (బరంపురం)
కొలిమి అన్నయ్య లోహం చెప్పారు, రిబ్బను నేను చెబుతాను. మాది పట్టు నేత.
అంచు చూడండి. మగ్గం మీద ఆ వెడల్పుకే నేసిన రిబ్బనుకు రెండు వైపులా పోగు తిరిగి వచ్చిన అంచు ఉంటుంది. వెడల్పు గుడ్డలో కత్తిరించి వేడితో అతికించినదైతే అంచు గట్టిగా, మెరుస్తూ ఉంటుంది. రంగు చారలు నేతలో రావాలి, అచ్చు వేసినవి కాకూడదు. తిప్పి చూస్తే వెనక కూడా అంతే రంగు ఉండాలి. బర్మా స్టార్ రిబ్బనుకు మధ్యలో వెడల్పాటి ఎరుపు, రెండు పక్కలా ముదురు నీలం, ఒక్కో నీలం నడుమ నారింజ గీత. నారింజ బదులు పసుపు కనబడితే వెలిసిందో, నకిలీయో వెనక వైపు చూస్తే తేలుతుంది.
దుకాణంలో అగ్గిపుల్ల గీయకండి. ఊడిన ఒక్క పోగు దొరికితే ఇంటికి తెచ్చి కాల్చండి. పట్టు వెంట్రుక కాలిన వాసన వేస్తుంది, నూలు కాగితంలా కాలుతుంది. పాలియెస్టర్ కరిగి నల్లటి పూసలా గట్టిపడుతుంది. పాలియెస్టర్ అంటే యుద్ధం తరవాతి సరుకు.
నోట్లు పరీక్షించే నీలి లైటు ఉంటే తీసుకెళ్లండి. దారానికి తెల్లటి మెరుపునిచ్చే రసాయనాలు యుద్ధం తరవాతే విరివిగా వచ్చాయి, ఆ లైటు కింద నీలి తెలుపులో వెలిగిపోతాయి. ఒక్క జాగ్రత్త: ఇప్పటి సబ్బుపొడిలో కూడా అవే ఉంటాయి. ఇంట్లో ఎవరో శుభ్రం చేద్దామని ఉతికితే అసలు రిబ్బను కూడా వెలుగుతుంది. పైగా రిబ్బను చిరిగితే మార్చడం మామూలే. కొత్త రిబ్బను అసలు పతకాన్ని నకిలీ చేయదు. కానీ ‘డెబ్బై ఏళ్లుగా పెట్టె తీయలేదు’ అని దుకాణదారు చెప్పి ఉంటే ఆ మాట మాత్రం అబద్ధమని తేలుతుంది.

పాతపెట్టె (బరంపురం)
ఇంత వివరంగా చెబుతారని అనుకోలేదు. సాయంత్రం మళ్లీ వెళ్లాను. నీలి లైటు, భూతద్దం, వెర్నియర్ చూసి యజమాని ముఖం మాడ్చుకున్నాడు గానీ చూడనిచ్చాడు.
పసిఫిక్ స్టార్ రిబ్బను, పట్టీకి కుట్టిన దారం రెండూ పెళ్లి పందిరి లైట్లలా వెలిగాయి. ఆ స్టార్ వీపు నిండా సన్న గుంటలు, అంచు మీద ఆకురాయి గీతలు. బర్మా స్టార్, 1939–45 స్టార్ మాత్రం నున్నగా ఉన్నాయి. నడుమ కిరీటం కింద ఆరో జార్జి రాజు గుర్తయిన జి, ఆర్, ఐ అక్షరాలు, రోమన్ ఆరు పదునుగా ఉన్నాయి. వార్ మెడల్ వెనక సింహం జూలు వెంట్రుకలు లెక్కపెట్టవచ్చు. కొత్త ఫోటోలు పెట్టాను.

కొలిమి (బరంపురం)
చూశాను. పసిఫిక్ పోత. మిగతావి ముద్ర కొట్టినవే అనిపిస్తోంది. వార్ మెడల్ బాగుంది.

విశ్రాంత సుబేదారు (పర్లాకిమిడి)
అంటే నాలుగు పతకాల మామూలు వరుసను ఐదు చేసి ‘అరుదైనది’గా మార్చారన్నమాట. అత్యాశకు పోయి పట్టుబడ్డారు. ఆ ఒక్కటి కుట్టకుండా ఉంటే మనలో ఎవరూ నోరెత్తేవాళ్లం కాదు.

ఛత్రపురం భౌతికం (ఛత్రపురం)
దిక్సూచి గురించి ఎవరూ మాట్లాడటం లేదు కాబట్టి నేను. ‘స్టాన్లీ లండన్’ అని మెరిసే ఇత్తడి మీద, తోలు పెట్టెలో వచ్చేవి అలంకార వస్తువులు. లండన్‌లో ఆ పేరుతో పేరున్న పరికరాల సంస్థ ఉండేది, అందుకే నకళ్లకు ఆ పేరు. మన దేశంలో ఇత్తడి సామానుకు మొరాదాబాద్, పరికరాలకు రూర్కీ ఎప్పటినుంచో పెట్టింది పేరు. మూత లోపల ఆంగ్ల కవిత చెక్కి ఉంటే ఇక ఆలోచించనే అక్కర్లేదు. యుద్ధరంగంలో సిపాయికి కవిత చెక్కి ఎవరూ ఇవ్వలేదు.
బ్రిటిష్ సైన్యం వాడిన మార్క్ 3 పట్టక దిక్సూచి మొరటుగా, నల్ల రంగుతో ఉంటుంది. మూత మీద తయారీదారు పేరు, సంవత్సరం, సైన్యపు ఆస్తి గుర్తయిన బాణం ముద్ర ఉంటాయి. భారత సైన్యపు సామాను మీద బాణంతో పాటు ఆంగ్ల ‘ఐ’ అక్షరం కూడా కనబడుతుంది.
దాని గీతలకు చీకట్లో మెరిసే రేడియం రంగు పూసేవారు. రేడియం సగానికి తగ్గడానికి సుమారు 1600 ఏళ్లు పడుతుంది, కానీ దాని తాకిడికి వెలిగే జింక్ సల్ఫైడ్ కొన్ని దశాబ్దాల్లోనే పాడైపోతుంది. కాబట్టి 1942 నాటి దిక్సూచి ఈనాడు చీకట్లో దానంతట అది వెలగదు. బ్రహ్మాండంగా వెలిగితే అది కొత్త రంగు. వెలగకపోయినా రేడియం మాత్రం అందులోనే ఉంటుంది. అద్దం విప్పకండి, రంగు గీకకండి, ఆ పొడి పీల్చకూడదు. పిల్లల చేతికి ఇవ్వకండి.

గోపాలపూర్ గాలి (గోపాలపూర్)
నా దగ్గర విశాఖ మీద జపాన్ వాళ్లు వేసిన బాంబు ముక్క ఉంది, ఎంత పలుకుతుంది?

రాయగడ తపాలా (రాయగడ)
1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ, కాకినాడల మీద బాంబులు వేసిన మాట నిజం. మీ ఇనుప ముక్క ఆ రోజుదే అని ఇనుము చెప్పదు. అప్పట్లో ఎవరు ఏరారో, ఎవరి దగ్గర నుంచి ఎవరి దగ్గరికి వచ్చిందో రాతపూర్వకంగా ఉంటే వేరు. లేకపోతే పాత ఇనుము ధర.

నిర్వాహకుడు
ఇక్కడ కొనుగోలు, అమ్మకం ప్రకటనలు వద్దని మరోసారి గుర్తుచేస్తున్నాం. ఆయుధాల గురించి చర్చించవచ్చు, బేరం పెట్టకూడదు. నాజీ చిహ్నాల ఫోటోలు వరసగా పెడుతున్న సభ్యుడి పోస్టులు తీసేశాం. చెప్పాలంటే అవన్నీ నకిలీలే.

బల్లార్షా బండి (బల్లార్‌పూర్, మహారాష్ట్ర)
కత్తి ఫోటో చూశాను. నేను పనిముట్ల విభాగంలో పనిచేసినవాణ్ని కనుక చెబుతున్నాను. పిడి ఇత్తడిదిగా కనబడుతోంది, దాని మీద తాడు చుట్టినట్టు గీతలు పోతలోనే వచ్చాయి. జపాన్ సైన్యంలో చిన్న అధికారులకు ఇచ్చిన టైప్ 95 కత్తికి అలా చుట్టినట్టు కనబడే లోహపు పిడి ఉన్న మాట నిజమే. కాని ఎక్కువవాటికి అది అల్యూమినియం పోత, దాని మీద రంగు. తొలి రోజుల్లో కొన్నిటికి రాగి. మీదానికి పసుపు పచ్చటి ఇత్తడి ఉంది. అలుగు మీద పిడి దగ్గర వరుస సంఖ్య గుద్ది ఉంటుంది, ఒర మీద కూడా అదే సంఖ్య ఉండాలి. ఒక్కో అంకెనూ గుద్దినప్పుడు చుట్టూ లోహం కొంచెం పైకి ఉబుకుతుంది. మీ ఫోటోలో అంకెలు ఆమ్లంతో తినిపించినట్టు పలచగా ఉన్నాయి, ఒర మీద అసలే లేవు.
పెద్ద అధికారుల కత్తులు వేరు. వాటి పిడికి నిజంగానే పట్టీ చుట్టి, కింద ‘రే’ అనే సముద్రపు చేప గరుకు తోలు వేసేవారు. నకిలీలో ప్లాస్టిక్ తోలు ఉంటుంది. వెదురు మేకు తీస్తే పిడి లోపలికి దిగిన అలుగు తోక బయటపడుతుంది. ఆ తోక మీది తుప్పును ఎవరూ శుభ్రం చేయకూడదు. వయసు చెప్పేది అదే. 1945లో లొంగిపోయిన జపాన్ అధికారుల కత్తులు మన సైన్యాధికారుల ఇళ్లకూ చేరాయి కాబట్టి అసలు కత్తి మన వైపు దొరకదని కాదు. ఇది మాత్రం అది కాదు.
ఇంకో సంగతి: కత్తులు, బాయొనెట్లు ఆయుధ చట్టం, 1959 పరిధిలోకి వస్తాయి. కొనే ముందు మీ పోలీసు స్టేషనులో అడగండి. ‘పాతదే కదా’ అన్న జవాబు అక్కడ పనిచేయదు.

రాయగడ తపాలా (రాయగడ)
ఉత్తరం, కవరు ఫోటోలకు ధన్యవాదాలు. నిన్న రాత్రి చాలాసేపు నవ్వుకున్నాను.
ముందు కవరు. ఆజాద్ హింద్ బిళ్లలు 1943లో బెర్లిన్‌లోని ప్రభుత్వ ముద్రణాలయంలో అచ్చయ్యాయి. బిళ్లలు నిజమే, కానీ ఏనాడూ తపాలాలో చెలామణిలోకి రాలేదు. మీ కవరు మీద ఆ బిళ్లకు బరంపురం తపాలా ముద్ర కొట్టి ఉంది! 1944లో గంజాం జిల్లా బ్రిటిష్ ప్రభుత్వపు తపాలా గుమస్తా నేతాజీ బిళ్లకు ముద్ర కొట్టి పంపాడంటే ఆయనకు విగ్రహం పెట్టాలి. చిరునామాలో ఆరంకెల పిన్ కోడ్ కూడా రాశారు. పిన్ కోడ్ పద్ధతి మొదలైంది 1972 ఆగస్టు 15న. బిళ్ల ఒక్కటే చూస్తే అసలు కావచ్చు, వాటికీ నకళ్లు ఉన్నాయి కాబట్టి విడిగా పరీక్షించాలి. కవరుగా మాత్రం దానికి విలువ లేదు.
ఇక ఉత్తరం. మొదటి పంక్తిలోనే ‘కొహిమా, 20 ఏప్రిల్ 1944’ అని రాసి, పటాలం పేరు, శత్రువు ఎంత దూరంలో ఉన్నాడో వర్ణించాడు. యుద్ధరంగంలోని సైనికుడు తానున్న ఊరు రాయకూడదు. రాస్తే సెన్సారు అధికారి కత్తిరించేవాడు లేదా నల్ల సిరా పూసేవాడు. ఫీల్డ్ పోస్టాఫీసు సంఖ్యలు పెట్టిందే చోటు తెలియకుండా ఉండటానికి. దీని మీద సెన్సారు ముద్ర లేదు, ‘ఆన్ యాక్టివ్ సర్వీస్’ అన్న రాత లేదు. అన్నిటికీ మించి అది బాల్ పెన్నుతో రాసింది. అక్షరం మలుపుల్లో సిరా చిన్న ముద్దగా పడింది, కాగితం వెనక గాడి తేలింది. బాల్ పెన్ను న్యూయార్క్ దుకాణాల్లోనే 1945 అక్టోబరులో అమ్మకానికి వచ్చింది. కొహిమా కొండమీది సిపాయికి ఏడాదిన్నర ముందే ఎవరు ఇచ్చారు?
చిరునామాలో ‘బరంపురం, మద్రాసు ప్రెసిడెన్సీ’ అని కూడా ఉంది. మన గంజాం 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రంలో కలిసింది. అలవాటు కొద్దీ కొన్నాళ్లు పాత పేరు రాసేవాళ్లు ఉండేవారు కాబట్టి దీని ఒక్కదాని మీదే తీర్పు చెప్పను. అయితే ఇది రెండు వైపులా పనికొచ్చే గుర్తు. ‘ఒడిశా’ అనే అక్షరక్రమంతో ఇంగ్లిషులో చెక్కిన ‘1943 ఫలకం’ ఒకటి నాకు చూపించారు. ఆ అక్షరక్రమం అధికారికంగా వచ్చింది 2011లో.

జయపురం వర్తకుడు (జయపురం)
ఇన్ని పరీక్షలు పెడితే ఈ దేశంలో పాత సామాను వ్యాపారమే మూతపడుతుంది. మేము చరిత్ర ఆచార్యులం కాము కదా.

రాయగడ తపాలా (రాయగడ)
ఆచార్యులు కానక్కర్లేదు. ‘తెలియదు’ అని చెప్పి తెలియని ధర పెట్టండి. 45 వేలు అన్నీ తెలిసినవాడి ధర.

రంగం మనవడు (గుణుపురం)
నోట్ల గురించి. మా తాతగారు రంగూన్‌లో మిల్లులో పనిచేశారు, మా ఇంట్లోనూ ఇవి ఉన్నాయి. మీ ఫోటోలోని నోట్లు అసలువే అనుకుంటాను. ‘జపాన్ ప్రభుత్వం’ అని ఇంగ్లిషులో ఉండి, మూల ఆంగ్ల ‘బి’తో మొదలయ్యే అక్షరాలు ఉంటే బర్మా కోసం అచ్చువేసినవి. మలయాకు ‘ఎం’, ఫిలిప్పీన్స్‌కు ‘పి’. విపరీతంగా అచ్చువేశారు, 1945లో బ్రిటిష్ వాళ్లు తిరిగి రాగానే చిత్తు కాగితాలయ్యాయి. అందుకే ఇప్పటికీ చవక. చవక సరుకుకు నకిలీ చేసే కష్టం ఎవరూ పడరు.
కానీ కథతో కలిపి చూడండి. 1942 తొలి నెలల్లో జపాన్ సైన్యం రాకముందే అడవుల వెంట నడిచి వచ్చిన మనవాళ్ల దగ్గర ఈ నోట్లు ఉండే వీలు లేదు, అప్పటికి అవి అక్కడ చెలామణిలోకే రాలేదు. మీ కట్టలో 100 రూపాయల నోటు కూడా ఉంది, అది 1944 నాటిది. యుద్ధం చివర బర్మాలో తిరిగిన సిపాయి జ్ఞాపకంగా తెచ్చుకున్నవి అంటే పొసుగుతుంది. మా తాతగారు మాత్రం యుద్ధకాలమంతా అక్కడే చిక్కుకుపోయి 1946లో ఓడలో వచ్చారు.
జార్జి రాజు బొమ్మ ఉన్న రిజర్వు బ్యాంకు నోట్ల మీద ‘బర్మాలో మాత్రమే చెల్లుతుంది’ అన్న అర్థంతో ఎర్ర ముద్ర ఉన్నవి చూపిస్తే అక్కడ జాగ్రత్త. అసలు నోటు తీసుకుని ముద్ర మాత్రం కొత్తగా వేస్తారు. మడత గీత దగ్గర చూడండి: నోటు నలిగాక ముద్ర వేసి ఉంటే ఎర్ర సిరా మడత చీలికలోకి దిగి ఉంటుంది.

పాతపెట్టె (బరంపురం)
ముద్ర ఉన్న నోట్లు లేవు. మరొకటి అడగాలి. నిన్న అడుగున ఉన్న చిత్తు కాగితాలు విప్పి చూశాను. దుకాణదారు వాటిని దిక్సూచి కదలకుండా కుక్కినవి అన్నాడు. వాటిలో తెలుగులో పెన్సిలుతో రాసిన ఉత్తరం ఒకటి ఉంది. ఊరి పేరు లేదు, పైన ఒక సంఖ్య మాత్రం ఉంది. పక్కన త్రికోణం లాంటి ముద్ర సగం చెరిగింది. మనియార్డరు అందిందా, కుడి కన్ను నొప్పి తగ్గిందా, మెట్ట పొలం కౌలుకు ఇవ్వవద్దు, ఇవే విషయాలు. యుద్ధం మాటే లేదు. రెండు పంక్తులు నల్లగా పూసి ఉన్నాయి.

రాయగడ తపాలా (రాయగడ)
ఆ కాగితం ఇంకా దుకాణంలోనే ఉందా? పెన్సిలు, చోటు లేకపోవడం, సంఖ్య, ముద్ర, పూసిన పంక్తులు అన్నీ ఒకదానితో ఒకటి పొసుగుతున్నాయి. ఫోటో లేకుండా ఒట్టేసి చెప్పను గానీ, ఆ పెట్టెలో నేను కొనేది ఏదైనా ఉంటే అదే.

పాతపెట్టె (బరంపురం)
ఇవాళ తెచ్చేశాను. నోట్ల కట్ట, ఈ ఉత్తరం ఇమ్మన్నాను. ముందు ఒప్పుకోలేదు. పసిఫిక్ స్టార్ సంగతి నెమ్మదిగా చెప్పాక నోట్లకు 900 తీసుకుని ఉత్తరం ఊరికే ఇచ్చాడు. పతకాల పట్టీ, కత్తి, దిక్సూచి, కొహిమా ఉత్తరం అద్దాల బీరువాలో పెట్టాడు. రేటు 50 వేలు చేశాడు.

విశ్రాంత సుబేదారు (పర్లాకిమిడి)
ఉత్తరంలో పంపినవాడి పేరు, నంబరు ఉంటే ఇక్కడ పెట్టకండి బాబూ. ఆ కుటుంబం ఎక్కడో ఉండే ఉంటుంది, ముందు వాళ్లకు తెలియాలి. యుద్ధంలో చనిపోయి ఉంటే కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ వెబ్‌సైటులో పేరుతో, నంబరుతో వెతకవచ్చు, ఖర్చు లేదు. తిరిగి వచ్చినవాళ్ల పేర్లు అందులో ఉండవు. ఊరి పేరు తెలిస్తే పంచాయతీలో పెద్దవాళ్లను అడగడమే దారి.

మగ్గం గుంట (బరంపురం)
లామినేషన్ చేయించకండి, దయచేసి. సెల్లో టేపు కూడా వద్దు. మడతల దగ్గర చిరిగినా అలాగే ఉంచి, ఆమ్లం లేని కాగితపు కవరులో పరిచి పెట్టండి. పెన్సిలు రాత వెలిసిపోదు గానీ రాపిడికి చెరుగుతుంది.

కొత్త సభ్యుడు 118 (ఆస్కా)
మా ఇంట్లో ఇత్తడి పూలకుండీ ఉంది. అడుగున ‘18 పి.ఆర్.’ అనీ ఒక సంవత్సరమూ గుద్ది ఉన్నాయి. ఇది ఏమిటి? ఇలాంటిదే ఇంకొకటి అటక మీద ఉంది, దానికి పైన మొనదేలిన భాగం కూడా ఉంది, బరువుగా ఉంది.

విశ్రాంత సుబేదారు (పర్లాకిమిడి)
మొదటిది 18 పౌండ్ల ఫిరంగి తూటా తొడుగు. మొదటి యుద్ధకాలంలో పేల్చిన ఖాళీ తొడుగులను ఇలా కుండీలుగా మలిచేవారు. అడుగున సంవత్సరం, తయారీ గుర్తులు ఉన్న ఫోటో పెట్టండి, మాట్లాడుకుందాం. వందేళ్లు దాటి ఉంటే 1972 పురావస్తు చట్టం ప్రకారం దేశం దాటించకూడదని కూడా గుర్తుంచుకోండి.
రెండోదాన్ని ముట్టుకోకండి. అటక ఎక్కకండి, ఫోటో కోసం కూడా. ఇంట్లోవాళ్లను బయటికి పంపి ఇప్పుడే పోలీసులకు ఫోను చేయండి.

కొత్త సభ్యుడు 118 (ఆస్కా)
చేశాను. వస్తున్నారట.